ఎవరి బట్ట, వారి ప్రయాణం

ఆ మంగళవారం ఉదయానికి సత్తియ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం చేసి, కొత్త కోటు తొడుక్కుని, పక్కింట్లో ఉన్న రేకుపెట్టె అందుకుని, జట్కాలో స్టేషనుకు పోయి వాల్తేరు పాసింజరు ఎక్కాలి. వాల్తేరులో కారు వచ్చి విమానాల మైదానానికి తీసుకుపోతుంది. అక్కడ పేరు రాయించుకుంటే, నేల మీంచి లేచి నీళ్ల మీద వాలే విమానంలో కూర్చోబెట్టి, గంజాం వైపు సరస్సు నడుమ ఉన్న దీవిలో దింపుతారు.

యుద్ధం ముగిశాక సైన్యం వదిలేసిన నీటి విమానాన్ని ఒక జమీందారు కొన్నాడు. దీవి మీద మేడ కట్టించి, పేరున్న వర్తకులను మూడేసి రోజులు అతిథులుగా పిలవడం మొదలుపెట్టాడు. అనకాపల్లి బెల్లం బజారు మొత్తానికి సత్తియ్య ఒక్కడికే పిలుపు వచ్చింది. సీటు కూడా ఒక్కటే. ఆ రోజు నుంచి అతను నేల చూసి నడవడం మానేశాడు. రెండుసార్లు బెల్లం దిమ్మలు తట్టుకుని పడ్డాడు, అయినా చూపు కిందికి దించలేదు.

పిలుపు వచ్చిన పూట అన్నం వడ్డిస్తూ భార్య కొండతల్లి అడిగింది. "ఆడోళ్లని ఎక్కనిత్తారా అందులో?"

"ఎక్కనిత్తే మాత్రం నీకేటి పని? అంత ఎత్తు నుంచి కిందకి సూత్తే గుండాగిపోద్ది."

ఆమె మజ్జిగ పోసింది.

ప్రయాణానికి సిద్ధాంతి ఒక అడ్డు చెప్పాడు. మంగళవారం ఉత్తర దిక్కుకు వారశూల, కదలకూడదు. అయితే దానికి విరుగుడూ ఆయనే చెప్పాడు. ఆదివారం మంచి ఘడియలో ఒక కొత్త బట్ట, కాసిని బియ్యం, ఒక పసుపుకొమ్ము తీసుకెళ్లి పక్కింట్లో ఉంచితే ప్రయాణం అప్పుడే మొదలైపోయినట్టు. దాన్ని ప్రస్థానం పెట్టడం అంటారు. "ఒకసారి గడప దాటిన ప్రస్థానం మళ్లీ ఇంట్లోకి రాకూడదు. వస్తే ప్రయాణం చెడినట్టే. ఇంకో మాట. ఎవరి బట్ట పెడితే వారిదే ప్రయాణం. గుర్తుంచుకో."

సత్తియ్య గుర్తుంచుకున్నాడు. సర్దే పని మాత్రం కొండతల్లికి వదిలేశాడు. ఇరవై ఏళ్ల కాపురంలో తన పంచెలు ఏ పెట్టెలో ఉంటాయో తెలియని మనిషి మరేం చేస్తాడు? ఆమె సర్ది, మూతపెట్టి ఇచ్చిన చిన్న రేకుపెట్టెను ఆదివారం పక్కింటి జియావుద్దీన్ చేతిలో పెట్టాడు. రేకుపెట్టెలు చేసి అమ్మే జియావుద్దీన్, తన చేత్తోనే దాని మీద సత్తియ్య పేరు, ఊరు రంగుతో రాశాడు.

మంగళవారం పొద్దున్నే, చెప్పా పెట్టకుండా, బజారు వర్తకులు డప్పులతో వచ్చిపడ్డారు. సత్తియ్యను బజారుకు తీసుకుపోయి, మెడ కనపడకుండా దండలు వేశారు. ఆలూ లేదు చూలూ లేదు అన్నట్టు, ఎక్కని విమానానికి అంత సన్మానం. డప్పుల మోత దూరమవడం విని జియావుద్దీన్, తాను బావా అని పిలిచే సత్తియ్య పెట్టె మరిచిపోయి స్టేషనుకు పోతున్నాడనుకుని, దాన్ని సైకిలుకు కట్టుకుని అడ్డదారిన ఉరికాడు.

సత్తియ్య ఏమీ మరిచిపోలేదు. వర్తకులను స్టేషనుకు పదండని పంపి, తాను జియావుద్దీన్ ఇంటికి వచ్చాడు. పరదా వెనక నుంచి జియావుద్దీన్ భార్య వజీరున్నీసా చెప్పింది. "పెట్టె మీకియ్యడానికే అట్టుకెళ్లేరన్నయ్యా."

తనకివ్వడానికంటే తన ఇంటికే కదా! ఆ పెట్టె గడప దాటితే ప్రయాణం మట్టిపాలు. సత్తియ్య పరుగున పోయి, తన వీధిగుమ్మానికి అడ్డంగా చేతులు చాచి నిలబడ్డాడు. పాలమనిషి వచ్చి, దండల్లో మునిగి దారి ఇవ్వని ఇంటి యజమానిని చూసి, చెంబు అరుగు మీద పెట్టి వెనక్కి పోయింది. దూరాన రైలు కూత వినపడింది. అతను కదల్లేదు.

స్టేషనులో వర్తకులు, సత్తియ్య ఏదో ఒక బోగీలో ఎక్కే ఉంటాడని, కదిలిపోతున్న రైలుకే జేజేలు కొట్టారు. ఆ జేజేలు విని జియావుద్దీన్ కూడా అదే నమ్మాడు. రేకుపెట్టెను గార్డుకిచ్చి, వాల్తేరులో విమానం కారువాళ్లకు అందించమని బతిమాలాడు. అంత సాయం చేసి, చెమట తుడుచుకుంటూ వీధిలోకి తిరిగొచ్చాడు.

"ఏటి బావా, నువ్వు రైల్లో లేవా?"

"నాను రైల్లో ఉంటే ఈ గుమ్మంలో ఎవుడున్నాడ్రా బావా?"

జియావుద్దీనే సిద్ధాంతి దగ్గరికి పోయి తీర్పు పట్టుకొచ్చాడు. ప్రస్థానం కదిలిపోయింది కనుక సత్తియ్య ప్రయాణంలో ఉన్నట్టే. అది తిరిగొచ్చేదాకా సొంత గడప తొక్కరాదు. బజారుకా పోలేడు, బజారు దృష్టిలో అతను ఆకాశంలో ఉన్నాడు. చివరకు జియావుద్దీన్ పెరటి కొట్టంలో, రేకుపెట్టెల మధ్య చాప వేసుకున్నాడు. వీధిలోని గొడవ వంటింట్లో ఉన్న కొండతల్లికి తెలియలేదనుకుని, ఆమెకు చెప్పొద్దని దంపతుల చేత ఒట్టు వేయించుకున్నాడు. మధ్యాహ్నం హోటలు భోజనమంటూ జియావుద్దీన్ క్యారియరు తెచ్చాడు. ఆవపెట్టిన పనసపొట్టు కూర తిని, "మనింట్లో సేసినట్టే ఉందిరా" అని సత్తియ్య మెచ్చుకున్నాడు. జియావుద్దీన్ ఎటో చూశాడు.

సాయంత్రం గోడ అవతల కొండతల్లి గొంతు వినపడింది. వజీరున్నీసాతో మాట్లాడుతోంది.

"రావికమతం పైన కొండ మీద మా పల్లి ఉంది కదొదినా, దాని మీంచి సూత్తే కింద పొలాలు, ఎడ్లబళ్లు అన్నీ అరిసేతిలో ఉన్నట్టుండేవి. సిన్నప్పుడు పొద్దల్లా అక్కడే కూకునేదాన్ని. పెళ్లయ్యేక దేన్నీ పైనుంచి సూల్లేదు. ఆయన్ని అడుగుదావనుకున్నాను. గుండాగిపోద్దన్నారు."

"మరి మీకు బయం లేదా వదినా?"

"కొండ మీద పుట్టినదానికి ఎత్తంటే బయవేటి?"

సత్తియ్యకు చాప మీద ఒత్తిగిలడం కూడా చేతకాలేదు. నిజం చెప్పాలంటే ఎత్తు అంటే హడలు అతనికే. పిలుపు వచ్చిన నాటి నుంచి ఆ భయాన్ని కోటు కింద దాచుకుని తిరుగుతున్నాడు. తన గుండెకు పడ్డ దడను తీసుకుపోయి భార్య గుండెకు అంటగట్టాడు. ఇరవై ఏళ్లు ఒకే కప్పు కింద ఉండి, ఆమె ఏ కొండ మీద కూర్చుని ఏం చూసేదో ఒక్కసారి అడగలేదు. ఆ సంగతి తెలియడానికి ఇంటికి గోడ అవతల పడుకోవలసి వచ్చింది. అతనికి సిగ్గేసింది, దుఃఖమూ వచ్చింది.

మర్నాడు పొద్దున కారు హారను మోగింది. బజారు వర్తకులతో సహా వీధి వీధంతా పోగైంది. కారులోంచి దిగిన జమీందారుగారి మద్రాసు మేనేజరు, చేతిలో రేకుపెట్టెతో, కొండతల్లికి నమస్కారం పెట్టాడు.

"నిన్న మేడమ్‌గారి పెట్టె వచ్చింది, మేడమ్‌గారు రాలేదు. పెట్టెను దీవికి చేర్చి, గది సర్దడానికి తెరిచాం. పట్టుచీర, పసుపు, బియ్యం ఉన్నాయి. పేరు చూసి అతిథి మగవారనుకున్నాం. క్షమించాలి. సీటు ఇవాళ్టికి అట్టే పెట్టాం."

గోడ సందులోంచి చూస్తున్న సత్తియ్యకు అంతా అర్థమైంది. కొత్త పంచె పెట్టవలసిన చోట ఆమె తన కొత్త చీర పెట్టింది. తాను పోలేకపోయినా తన చీరైనా మబ్బుల్లోకి పోయి వస్తుందనుకుంది కాబోలు. ఇప్పుడతను ఒక్క కేక వేస్తే చాలు. సీటు తనది, పేరు తనది, బజారులో పరువూ దక్కుతుంది. ఊరుకుంటే, దండలు వేయించుకుని రేకుల కొట్టంలో దాక్కున్నవాడిగా మిగిలిపోతాడు.

కొండతల్లి గోడ వైపు తిరిగి, కాస్త గొంతు పెంచి అడిగింది.

"ఏవండీ, నాను ఎల్లిరానా?"

క్యారియరులోని పనసపొట్టు కూర ఎవరు వండారో సత్తియ్యకు అప్పుడు తెలిసింది. బెల్లం వర్తకులందరూ గోడ వైపే చూస్తున్నారు. చాలాసేపటికి గోడ అవతల నుంచి మాట వచ్చింది.

"కోటు అట్టుకెళ్లు. పైన సలిగా ఉంటాదంట."

ఆ వెనకే సత్తియ్య బయటికి వచ్చాడు. జుట్టులో రేకు ముక్కలు, మెడలో వాడిన దండ ఒకటి. ఎవరో నవ్వారు. అతను పట్టించుకోకుండా, కొత్త కోటు విప్పి భార్య భుజాల మీద వేశాడు. "పైనుంచి అన్నీ సూసి రా. వచ్చేక నాకు సెప్పు," అన్నాడు. ఆమె కళ్లు తుడుచుకుంది. గబగబా లోపలికి పోయి, అన్నీ సర్దుకుని వచ్చి కారెక్కింది.

సత్తియ్య నేరుగా సిద్ధాంతి దగ్గరికి పోయి, ఇక తన గడప తొక్కవచ్చా అని అడిగాడు. ఆయన వేళ్ల మీద ఏదో లెక్క వేశాడు. "బట్ట ఆమెది, ప్రయాణం ఆమెది. నీకే నిషేధమూ లేదు నాయనా. హాయిగా నీ ఇంట్లోకి నువ్వు పో."

రేకుల మధ్య ఒక రాత్రి గడిపిన మనిషికి అంతకన్నా తియ్యని మాట ఏముంటుంది? సత్తియ్య తేలిక మనసుతో ఇంటికి వచ్చాడు. తలుపుకు తాళం వేలాడుతోంది. తాళంచెవి ఎప్పటిలాగే కొండతల్లి కొంగున ఉంది, కొంగు ఆకాశంలో ఉంది.