ఎడమ సీటు బరువు

పడవలమ్మే తూకం ఆ రోజు పొద్దున్న వేసుకున్న లెక్క చాలా చిన్నది. కొట్టు ముందున్న ఎర్ర పడవను ట్రైలర్ మీద సరస్సుకు తీసుకెళ్ళాలి, కొనే ఆలోచనలో ఉన్న పళ్ళ డాక్టరుగారిని ఎక్కించాలి, పూర్తి వేగంతో ఒక్క చుట్టు తిప్పి చూపించాలి, భోజనాల వేళకు పడవ లేకుండా ఇంటికి రావాలి. వ్యాపారంలో ఇంతకంటే చిన్న లెక్క ఉండదు. అయితే తప్పేవి చిన్న లెక్కలేనని పాత ఇనుము కొన్న రోజుల్లోనే అతనికి తెలుసు. పెద్ద లెక్కనైతే ఎవరైనా రెండోసారి చూసుకుంటారు.

తూకం అతని అసలు పేరు కాదు. పెళ్ళికి ముందు పాత ఇనుము కొట్టు నడిపేవాడు. విరిగిన గేటునైనా తుప్పుపట్టిన మోటారునైనా కంటితో చూసి బరువు చెప్పేవాడు. కాటా మీద పెడితే ముల్లు అతని మాటే వినేది. ఇంజన్లు విప్పి బిగించడంలో చెయ్యి తిరిగిన అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాక, ఇద్దరూ కలిసి పడవల కొట్టు పెట్టారు. ఆవిడ బిగిస్తుంది, ఇతను అమ్ముతాడు. మామూలు పడవలు బాగానే పోయేవి. ఈ ఎర్రది మాత్రం సన్నగా, పొడుగ్గా, వెనక మనిషెత్తు ఇంజనుతో కొట్టు ముందు నిలబడి, దారినపోయే ప్రతివాడితోనూ ఫొటో దిగి, ఒక్కడి వెంటా వెళ్ళలేదు.

మామగారికి రంగుల షాపు ఉంది. ఆయన పడవను చూసినప్పుడల్లా ఒకే మాట అనేవాడు: "ఇంత ఎరుపు మా దగ్గర ఒక్క డబ్బాలో దొరుకుతుంది అల్లుడూ." ఆ మాట ముదిరి ముదిరి పందెమైంది. ఈ పడవ ఇవాళ పోతే ఆయన ఇక నోరెత్తడు. పోకపోతే పడవల కొట్టుకు తాళం పడుతుంది, అల్లుడు రేపటినుంచి రంగుల షాపులో కూర్చుంటాడు.

తూకానికి సింహం బోనులో కూర్చోమన్నా ఇంత దిగులు ఉండేది కాదు. ఆ షాపులో తెలుపే పద్నాలుగు రకాలు. వచ్చినవాళ్ళు ఒక తెలుపు చూపిస్తే "ఇది కాదండీ, ఇంకొంచెం తెల్లటి తెలుపు" అంటారు. తూచడానికి వీల్లేని సరుకుతో తనకు బేరమేమిటని అతని బాధ.

షెడ్డులోకి వెళ్ళేసరికి ఇంటావిడ పడవ వెనక మోకాళ్ళ మీద కూర్చుని ఇంజను ఎత్తు సరిచేస్తోంది.

"నిన్ననే బిగించావుగా?"

"నిన్న ఇద్దరమే ఉన్నాం. ఇవాళ నలుగురు. నాన్న కూడా వస్తాడట."

"వస్తే ఏం? సీట్లున్నాయిగా."

ఆవిడ స్పానర్ కింద పెట్టింది. "ఇది బస్సు కాదండీ. పూర్తి వేగంలో ఈ పడవ నీళ్ళలో ఉండదు, నీళ్ళ మీద ఉంటుంది. ఇదిగో, వెనక ఈ అరచేయంత మేర మాత్రమే నీటికి తగులుతుంది. మిగతాదంతా గాల్లోనే. ముక్కు ఎక్కువ లేచిందా, కప్పలా గెంతుతుంది. తక్కువ లేచిందా, నాగలిలా దున్నుతుంది. అటూ ఇటూ బరువు తేడా వచ్చిందా, చేటలో చెరిగినట్టు చెరుగుతుంది."

తూకం వంగి ఆ అరచేయంత మేరను తడిమి చూశాడు. ఇంత పడవ, నలుగురు మనుషులు, అంత ఇంజను, అన్నీ దీని మీదా! "అంటే ఇది తక్కెడేనన్నమాట," అన్నాడు ఆశ్చర్యంగా.

"అవును. పరిగెత్తే తక్కెడ. అందుకే ఎవరెంత బరువో కనుక్కుని చెప్పండి."

అడగడం ఎంతసేపు అనుకున్నాడు తూకం. ఇనుము ఎప్పుడూ తన బరువు దాచుకోలేదు కాబట్టి మనుషులు దాచుకుంటారని అతనికి తోచలేదు.

డాక్టరుగారికి ఫోను చేశాడు. "చిన్న సందేహం సార్. మీ బరువెంత?"

"బూట్లతోనా, లేకుండానా?"

"మీ ఇష్టం సార్."

"డెబ్బై... రెండు."

అది డాక్టరుగారి పెళ్ళిఫొటో బరువు అయ్యుంటుందని తూకానికి వెంటనే అర్థమైంది. పోయిన నెల పన్ను తీయించుకున్నప్పుడు, డాక్టరుగారు కూర్చున్న చక్రాల స్టూలు తనకంటే ఎక్కువగా మూలగడం అతను చెవులారా విన్నాడు. కానీ కొనడానికి వచ్చేవాడి బరువు మీద అమ్మేవాడు వాదించకూడదు. డెబ్బై రెండు అనే ఇంటావిడకు చెప్పాడు.

ఈలోగా మామగారు టోపీ పెట్టుకుని, ఆటలో గెలవబోయేవాడిలా వచ్చాడు.

"నాన్నా, ఎంతున్నావు?"

"ఎనభై. మొన్ననే చూసుకున్నా. నువ్వు పెట్టే ఆ ఉడకేసిన గడ్డికి మనిషి మిగలడమే ఎక్కువ."

"చూశారా నా పథ్యం!" అంది ఇంటావిడ మొగుడి వైపు తిరిగి.

తూకం చూశాడు. అతని కన్ను ఎనభై దగ్గర ఆగలేదు. ఆ పైన ఇంకో ఖాళీ గ్యాసుబండ బరువు కనిపించింది. ఆ బండ ఎక్కడిదో అందరికంటే అతనికే బాగా తెలుసు. రోజూ సాయంత్రం బేకరీ నుంచి కేకు పొట్లం కట్టించుకుని రంగుల షాపు వెనకగదిలోకి చేరవేసేది అతనే. తీపి నములుతున్న నోరు కొట్టు మూయించే మాట ఎత్తదని అతని లెక్క. ఇప్పుడు నిజం చెబితే ముందు కేకులు బయటపడతాయి, తర్వాత తను. అబద్ధాన్ని అలాగే వదిలేస్తే పడవ చెరుగుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

వ్యాపారి మూడో దారి వెతికాడు. మామగారు కూర్చోబోయేది వెనక కుడివైపు. తక్కెడలో ఒక పళ్ళెం దిగితే రెండో పళ్ళెంలో రాయి వేయాలి. ఇంటావిడ చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు, పాత లంగరు గొలుసొకటి ఈడ్చుకొచ్చి వెనక ఎడమ సీటు కింద పెట్టెలో పడేసి, మీద తువ్వాలు కప్పాడు. దొంగకు తేలు కుట్టినట్టు, గొలుసు మధ్య వేలు నలిగినా కిక్కురుమనలేదు.

సరస్సు ఒడ్డున పడవ నీళ్ళలోకి దిగగానే ఎడమ వైపు కొద్దిగా ఒరిగింది. ఇంటావిడ దాన్ని వింతగా చూసి, మొగుణ్ణి చూసింది. అతను మబ్బుల్ని చూశాడు. ముందు ఎడమ సీట్లో డాక్టరుగారు కూర్చోగానే పడవ ఇంకా ఒరిగింది.

"పడవ ఎక్కే ఈ జెట్టీ వంకరగా ఉన్నట్టుందే," అన్నాడు డాక్టరుగారు.

"అవునండీ, కట్టినవాళ్ళ పొరపాటు," అన్నాడు తూకం, వెనక మామగారి పక్కన గొలుసున్న సీట్లో కూర్చుంటూ.

ఇంటావిడ కుడివైపు స్టీరింగు దగ్గర కూర్చుని, ఒక ఎర్రతాడు కొసను తన లైఫ్ జాకెట్‌కు తగిలించుకుంది. "ఇది ఊడితే ఇంజను ఆగిపోతుంది. నడిపేవాళ్ళు నీళ్ళలో పడ్డా పడవ తన దారిన తను పోకుండా. దీన్ని మాత్రం ఎవరూ ముట్టుకోవద్దు."

అందరూ బుద్ధిగా తలూపారు. మామగారు అందరికంటే గట్టిగా ఊపాడు.

పడవ బయలుదేరింది. మొదట ముక్కు లేచి ఆకాశం తప్ప ఏమీ కనిపించలేదు. అంతలోనే ముక్కు దిగి, పడవ నీటి మీదికెక్కింది. ఇంటావిడ బొటనవేలితో ఒక మీట నొక్కుతూ ఇంజను కోణం మార్చింది. చప్పుడు మారింది. అడుగున నీళ్ళు కొట్టుకునే దబదబలు సన్నబడి చిటపటలయ్యాయి. వెనక్కి చూస్తే పడవ గీసిన గీత దారంలా ఉంది. భయపడటం మర్చిపోయి తూకం మెడ చాచాడు. ఇంత బరువును ఇంత తేలిగ్గా ఎత్తిన కాటాను అతను ఎన్నడూ చూడలేదు.

అప్పుడు మొదలైంది. ఎడమకు ఒక చిన్న తట్టు. కుడికి ఒకటి. మళ్ళీ ఎడమకు, ఈసారి పెద్దది. క్షణంలో పడవ చేటైంది, నలుగురూ గింజలయ్యారు.

"డ్యాన్స్ కూడా చేస్తుందా ఇది?" అని అరిచాడు డాక్టరుగారు.

ఇంటావిడ కంగారుపడలేదు. వేగాన్ని మెల్లగా తగ్గిస్తూ ముక్కు దించింది. ఊపు సర్దుకునేదే. కానీ మామగారికి పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాల్సి వచ్చింది. కళ్ళెదుట ఎర్రగా ఒకటి కనిపించింది. జీవితమంతా రంగులు అమ్మినవాడు, ఎరుపు కంటికి ఆనగానే దాన్నే పట్టుకున్నాడు.

ఇంజను ఆగిపోయింది. పడవ చతికిలబడింది. పడవ ఆగినా దాని వెనక వస్తున్న అల ఆగలేదు. వెనకనుంచి ఎక్కి, వెనక సీటు తడిపి, ముందు సీటు తడిపి, డాక్టరుగారి కళ్ళజోడు పట్టుకుపోయింది.

"అల్లుడూ," అన్నాడు మామగారు టోపీ పిండుకుంటూ, "రేపు షాపు ఎనిమిదింటికి తెరవాలి."

"ముందు నీళ్ళు తోడండి," అంది ఇంటావిడ. "బకెట్టు ఆ ఎడమ సీటు కింద ఉంది."

"అక్కడ లేదులే," అన్నాడు తూకం మరీ తొందరగా.

ఆవిడ లేచి వచ్చి సీటు ఎత్తింది. తువ్వాలు తీసింది. గొలుసు చూసింది. "ఇదేంటి?"

దాచి లాభం లేదు. "మీ నాన్నగారి కేకులకు బదులు," అన్నాడు తూకం. "ఆయన ఎనభై కాదు. అంత బరువు కుడివైపు కూర్చుంటే ఎడమవైపు ఏదైనా వేయాలిగా!"

"ఒరే అల్లుడూ!" అన్నాడు మామగారు. అతికిన సున్నం రాలినట్టు మర్యాద ఒక్కసారిగా రాలిపోయింది. "తెచ్చిపెట్టిందీ నువ్వే, చాడీలు చెప్పేదీ నువ్వేనా?"

ఇంటావిడ నుదురు కొట్టుకుంది. "కేకుల సంగతి నాకు తెలియదనుకున్నారా ఇద్దరూ? చొక్కాలు ఉతికేది ఎవరు? జేబులనిండా పొడే! నాన్న నలుగురిలో చిన్నబోతాడని ఊరుకున్నా. ఆయన అసలు బరువుకు సరిపోయేలా పొద్దున్నే బ్యాటరీ ఎడమ వైపుకు మార్చేశా."

"మార్చేశావా?"

"మార్చేశా. దాని మీద మీరు గొలుసు వేశారు."

ఒకే బరువుకు ఇద్దరూ రెండుసార్లు చెల్లించారు. అయినా లెక్క కుదరలేదు. ఈ రెండూ కలిపినా పడవ అంతగా ఊగకూడదని ఇంటావిడ వేళ్ళు మడిచి చూసుకుంది. "ఇంకెక్కడో ఉంది. ఏమండీ, నిజం చెప్పండి. మీ కన్ను ఏమంటోంది?"

తూకం డాక్టరుగారి వైపు చూడకుండా ఉండటానికి శతవిధాలా ప్రయత్నించాడు. చెబితే కొనేవాడికి కోపం. చెప్పకపోతే పడవ వంకరదనే పేరు, రేపు ఎనిమిదింటికి పద్నాలుగు తెలుపులు. ఎటూ పోయే బేరమే. పోయేదేదో సరైన తూకంతో పోనిమ్మనుకుని కళ్ళు మూసుకున్నాడు.

"మామయ్యగారు తొంభై నాలుగు. డాక్టరుగారు... తొంభై నాలుగు."

డాక్టరుగారి మీసం నుంచి ఒక బొట్టు జారింది. "బూట్లతో కలిపి," అన్నాడు చిన్నగా. తర్వాత అతనే ముందు నవ్వాడు. "మా ఆవిడకు చెప్పనంటే ఒక మాట. ఈ పడవ సరిగ్గా తూస్తే ఎలా పోతుందో నాకు చూడాలనుంది."

నీళ్ళు తోడారు. ఇంటావిడ జేబులోంచి స్పానర్ తీసి బ్యాటరీని పాత చోటికి చేర్చింది. గొలుసు ఇంజనుకు ఆనించి నడిమధ్యన పెట్టారు. కుడివైపు స్టీరింగు దగ్గర డాక్టరుగారు, పక్కన ఎడమ సీట్లో మామగారు. రెండు పళ్ళేలూ సమానం. ఎర్రతాడు డాక్టరుగారి జాకెట్‌కు మారింది. మామగారి చేతులు ముందున్న పిడి మీద పెట్టించి, తువ్వాలుతో కట్టినంత పనిచేశారు.

ఇంటావిడ వెనకనుంచి చెబుతోంది. "స్టీరింగు పిసకకండి సార్. పిచ్చుకను పట్టుకున్నట్టు పట్టుకోండి. ముక్కు వైపు చూడొద్దు, దూరంగా చూడండి. ఆ మీట కొంచెం నొక్కండి... చాలు. ఊగబోతున్నట్టు అనిపిస్తే అటు ఇంత, ఇటు ఇంత. వెంట్రుకవాసి."

పంటి నరం దగ్గర పనిచేసిన చేతులు. వెంట్రుకవాసి అంటే వాటికి తెలుసు. పడవ లేచింది, చప్పుడు సన్నబడింది, దబదబలు చిటపటలయ్యాయి, చివరికి అవి కూడా ఆగిపోయాయి. గాలి ఒక్కటే మిగిలింది. ఎర్ర పడవ చాకుతో కోసినట్టు సరస్సు ఈ కొసనుంచి ఆ కొసకు పోయింది. అటూ ఇటూ ఒక్క తట్టు లేదు. మామగారు ఏదో అరుస్తున్నాడు. భయమనుకుని ఇంటావిడ ముందుకు వంగింది. "ఇంకా! ఇంకా!" అంటున్నాడాయన.

ఒడ్డున దిగీ దిగకముందే డాక్టరుగారు చెయ్యి చాచాడు. "తీసుకుంటున్నా. ఇవాళే."

తూకం గుండెమీది గొలుసు దిగింది. పందెం గెలిచాడు. మామగారి వైపు చూసి మర్యాదగా నవ్వబోయాడు.

"కానీ ఒకటి," అన్నాడు డాక్టరుగారు. "ఎడమ సీట్లో మా కాంపౌండరును కూర్చోబెట్టుకుంటే?"

"ఆయన గాలికి పోయేలా ఉంటాడుగా సార్," అంది ఇంటావిడ. అమ్మకం కోసం అబద్ధం ఆడటం ఆవిడకు చేతకాదు. "మళ్ళీ చెరుగుతుంది. ఎడమవైపు మీ అంత మనిషి ఉండాలి."

డాక్టరుగారు మెల్లగా తలతిప్పి మామగారిని చూశాడు. మామగారు అప్పటికే టోపీ సర్దుకుంటున్నాడు.

"నేనొస్తా డాక్టరుగారూ. రోజూ పొద్దున్నే."

"నాన్నా! మరి పథ్యం?"

"పథ్యమా? ఒక్క కిలో తగ్గినా ఒప్పుకోను," అన్నాడు పళ్ళ డాక్టరు. "కేకులు మానొద్దండి. కావాలంటే పళ్ళు నేను చూసుకుంటా."

"మరి... రంగుల షాపు?" అన్నాడు తూకం. అన్నాక, ఆ మాట ఎందుకన్నానా అనుకున్నాడు. ముగ్గురూ తిరిగి అతన్నే చూస్తున్నారు. ఓడిపోయిన మామగారు మాట మీద నిలబడే మనిషి. నోరెత్తలేదు. జేబులోంచి షాపు తాళాలు తీసి, అల్లుడి అరచేతిలో పెట్టాడంతే.

మర్నాడు ఎనిమిదింటికి షాపు తెరుచుకుంది. మొదటి బేరానికి వచ్చినావిడ కౌంటరు మీది రెండు తెల్లరంగు డబ్బాలను చూపించి, ఈ రెండింటికీ తేడా ఏమిటని అడిగింది. తూకం రెండింటినీ రెండు చేతుల్లోకి ఎత్తి, కళ్ళు మూసుకుని కాసేపు నిలబడ్డాడు.

"ఏమీ లేదండీ," అన్నాడు.