లాభం, రెండు, మూడు

ఆ ఉదయం పున్నయ్య వేసుకున్న ప్లాను చాలా చిన్నది. తొమ్మిదింటికి వెంకటరత్నానికి మత్తివ్వాలి, పదిన్నరకి తెలివి తెప్పించాలి, సాయంత్రం డాక్టరు శేషగిరిరావుగారి చేత ఉత్తరం రాయించుకోవాలి. ఉత్తరం బాపట్లకి. అక్కడ ఎవరో దాత కట్టించిన కొత్త ఆసుపత్రిలో మత్తు డాక్టరుకి సహాయకుడు కావాలట. బాపట్ల నుంచి పేరాల ఎంత దూరం గనక! పేరాలలో పెళ్ళాం హైమావతి ఏడో నెల కడుపుతో మగ్గం ముందు కూర్చుని ఉంది. తెనాలిలో పున్నయ్య రెండేళ్ళుగా ఒంటరిగా కిరసనాయిలు స్టవ్వు మీద అన్నం మాడ్చుకు తింటున్నాడు. నవ్వు ఆ ముఖం దారి మరిచిపోయి చాలా కాలమైంది.

"ఇవాళ్టి కేసు సవ్యంగా చెయ్యి, సాయంత్రం రాసిస్తా," అన్నారు డాక్టరుగారు.

పున్నయ్య పని నేర్చింది గుంటూరులో, ఆరు నెలలు. తీగె ముసుగు మీద గుడ్డ పరిచి ఈథరు చుక్కచుక్కగా వెయ్యడం, నాలుక వెనక్కి పోకుండా గవద ఎత్తిపట్టడం, ఏం జరిగినా రోగి తల దగ్గర్నుంచి లేవకపోవడం. రోగి చేత అంకెలు చెప్పించాలి, అంకె తప్పాడంటే మత్తు ఎక్కుతున్నట్టు. ఇదంతా నోటుపుస్తకంలో గుండ్రటి అక్షరాలతో రాసుకున్నాడు. రాయనిది ఒక్కటే ఉంది.

వెంకటరత్నం కొల్లిపరలో వడ్లు కొలిచే మనిషి. ముప్పై ఏళ్ళుగా కుంచం ఎత్తి ఎత్తి హెర్నియా తెచ్చుకున్నాడు. కుడిచెవి సరిగా వినపడదు. పున్నయ్య ముసుగు పెట్టి ఒక చుక్క వేశాడు.

"బాబాయ్, అంకెలు చెప్పండి!"

"లాభం," అన్నాడు వెంకటరత్నం.

ఒక్క చుక్కకే అంకె తప్పాడు! పున్నయ్య గబుక్కున ముసుగు ఎత్తేశాడు. వడ్లు కొలిచేవాడు మొదటి కుంచాన్ని లాభం అంటాడనీ, ఏడు అంటే ఏడుపొస్తుందని ఆరున్నొక్కటి అంటాడనీ పేరాలలో చంటిపిల్లకైనా తెలుసు. కానీ గుంటూరులో చదువుకున్నవాడికి గుర్తుకు రావడానికి కాస్త ఆలస్యమైంది.

"లాభం కాదు బాబాయ్, ఒకటి అనండి."

"ఆ మాట నా నోట రాదబ్బాయ్. మొదటిది లాభమే."

"ఏంటి గొడవ?" చేతులు కడుక్కుంటూ అడిగారు డాక్టరుగారు.

"ఒకటి అనట్లేదు సార్. లాభం అంటున్నాడు."

"ఏదో ఒకటి చెప్పి కానివ్వవయ్యా!"

పున్నయ్య వెంకటరత్నం కుడిచెవి దగ్గర వంగి, గొంతు చించుకుని అరిచాడు. "లాభం లేదు! ఇక్కడ లాభం లేదు బాబాయ్!"

తలుపవతల బెంచీ మీద వెంకటరత్నం భార్య కనకదుర్గా, రేపల్లె నుంచి వచ్చిన బావమరిది సాంబయ్యా కూర్చుని ఉన్నారు. ఆసుపత్రి గదిలోంచి ఆ మాట వినబడితే ఎవరికైనా ఒకటే అర్థం. కనకదుర్గ ఆరున్నొక్క రాగం ఎత్తుకుంది. సాంబయ్య తువ్వాలు నోట్లో కుక్కుకుని తంతి ఆఫీసుకి పరిగెత్తాడు.

లోపల వెంకటరత్నం సగం లేచాడు. "ఆ గొంతు మా ఆవిడది గదూ? ఎవరు పోయారబ్బాయ్?"

"ఎవరూ పోలేదు, పడుకోండి."

"అయినవాళ్ళే పోయుంటారు. చూసొస్తానుండు."

ఇద్దరు పట్టుకుని పడుకోబెట్టారు. లాభం, రెండు, మూడు అనుకుంటూనే ఆరున్నొక్కటి దగ్గర మత్తులోకి జారాడు. నర్సు జానీ బీ బయటికెళ్ళి మంచి మాటే చెప్పింది.

"ఏడవమాక పిన్నిగారూ. ఇప్పుడే కొయ్యడం మొదలుపెట్టారు."

"పోయినాక కొయ్యడమేంటి తల్లీ!" అని కనకదుర్గ తలుపు మీద పడింది. తంతి ఇచ్చి తిరిగొచ్చిన సాంబయ్య, దారిన పోయేవాళ్ళని పదిమందిని పోగేశాడు. "శవాన్ని కొయ్యనివ్వం!" అని తలుపులు బాదారు. గడియ ఊడేలా ఉంది. అయినా పున్నయ్య ఎడమచెయ్యి గవద మీద నుంచి తియ్యలేదు, కుడిచేతి చుక్క లెక్క తప్పలేదు. ఆ గంటసేపూ అతనికి భయమే తప్ప మరో ఆలోచన లేదు. ఆ భయంలోనూ పని మాత్రం దివ్యంగా చేశాడు.

కుట్లు పడ్డాక తలుపు తీశారు. గడ్డం దాకా దుప్పటి, మూసిన కళ్ళు. సాంబయ్య పున్నయ్య చొక్కా పట్టుకున్నాడు.

"లాభం లేదన్నది వీడే!"

వెంకటరత్నానికి ఏ మాట వినపడకపోయినా లాభం అన్న మాట వినపడుతుంది. పెదవులు కదిలాయి. "రెండు."

అందరూ కొయ్యబారిపోయారు. "మూడు... నాలుగు... అయిదు... ఆరు..." అని ఆగిపోయాడు.

"ఆరున్నొక్కటి అనవయ్యా! అను!" అని కనకదుర్గ మొగుడి చెయ్యి పట్టుకుని ఊపేసింది.

"ఆరున్నొక్కటి," అన్నాడు వెంకటరత్నం విసుగ్గా. ఆవిడ ఆ చేతిమీదే తల పెట్టుకుని ఏడ్చింది. పున్నయ్యకీ కళ్ళు చెమ్మగిల్లాయి. అన్నమాట ప్రకారం డాక్టరుగారు ఆ సాయంత్రమే ఉత్తరం రాసి పోస్టు చేయించారు.

మర్నాడు వెంకటరత్నం అల్లుడు నరసింహం దిగాడు. చూస్తే మామ గంజి తాగుతున్నాడు. నరసింహం బాపట్లలో ఆ కొత్త ఆసుపత్రిలోనే గుమాస్తా. తంతి అందగానే, "మా మామగారు తెనాలిలో మత్తు వికటించి కాలం చేసినందున" అని రాసి, పన్నెండు రోజులు సెలవు మంజూరు చేయించుకుని మరీ వచ్చాడు.

"మీ మామ బతికే ఉన్నాడని అక్కడ ఒక్క ముక్క చెప్పండి," అని బతిమాలాడు పున్నయ్య.

"చెబితే నేను చచ్చినట్టేనండి. సెలవు కోసం మామను చంపానంటారు."

అని అత్తగారింట పన్నెండు రోజులూ సుబ్బరంగా తిని కూర్చున్నాడు. బాపట్ల కాగితాల్లో వెంకటరత్నం పోయినవాడు పోయినట్టే ఉన్నాడు.

పదో రోజున కుట్లు విప్పించుకోవడానికి వెంకటరత్నం వచ్చి బల్ల మీద పడుకున్నాడు. అప్పుడే పోస్టు వచ్చింది. డాక్టరుగారు ఉత్తరం రెండుసార్లు చదివి మడిచారు. మత్తులో మనిషిని పోగొట్టుకున్నవాణ్ణి తీసుకోలేమనీ, ఆ పనిలో ఇంకొకర్ని వేసుకున్నామనీ బాపట్లవాళ్ళు రాశారు.

"లాభం లేదు పున్నయ్యా," అన్నారు డాక్టరుగారు.

"రెండు," అన్నాడు బల్ల మీద వెంకటరత్నం, అలవాటు కొద్దీ. "మూడు... నాలుగు..."

ఏడు వచ్చేలోపు పున్నయ్య గది దాటి వెళ్ళిపోయాడు.