నడవనని రాసిచ్చిన ఫైలు

లోకంలో ఫైళ్ళు రెండే రకాలు: కదలనివి, కదిలిస్తే నడవనివి. ఈ మహాసత్యం 2005లో తమిళనాడులోని కోవిల్‌పట్టి అగ్గిపెట్టె కార్మికుల కార్డుల కార్యాలయంలో రుజువైంది.

అక్కడి కంప్యూటర్ ఆపరేటర్ మారీశ్వరి. ఆమె రాసిన ప్రోగ్రాము కోవిల్‌పట్టి విండోస్ యంత్రంలో చక్కగా కార్డులు అచ్చేసేది. ఇంతలో కార్డులన్నీ విరుదునగర్ పెద్దాఫీసులోనే అచ్చవ్వాలని ఉత్తర్వు వచ్చింది. అక్కడివి లినక్సు యంత్రాలు. ప్రోగ్రామును తీసుకెళ్ళి ఎక్కించారు. ఉలుకూ పలుకూ లేదు.

ఇటు ముత్తమ్మాళ్ కళ్ళకు పొర కమ్ముతోంది. ముప్పయ్యేళ్ళు అగ్గిపెట్టెలకు లేబుళ్ళు అంటించిన మనిషి. కార్డుంటేనే ఆపరేషన్ ఉచితం. మారీశ్వరికి పక్కింటి అత్త కావడంతో రోజూ గడపలోనే "కార్డు వచ్చెనా తాయీ?" అని అడిగేది. మారీశ్వరికి సిగ్గుతో చచ్చినంత పనయ్యేది.

సూపరింటెండెంటు తిరుపతిసామికి (బయట తమిళం, ఇంట్లో తెలుగు, ఆఫీసును ఇల్లనే అనుకునేవాడు) ఆమె విడమరిచి చెప్పింది.

"లోపలి పుల్లలు ఒకటే సార్, పెట్టె వేరే. విండోస్ పెట్టె మీద మొదట ఎం జెడ్ అని ఉంటాది. లినక్సుదాని మీద ఈ ఎల్ ఎఫ్ అని."

"అయితే లేబుల్ మార్చి అంటించు. ఈ ఊరికి తెలీని పనా అది?"

"పెట్టె కట్టే తీరే వేరే సార్. నన్ను విరుదునగర్‌కు పంపండి, అక్కడి పెట్టెలో మళ్ళీ కడతా. అరగంట పని."

అరగంటలో అయ్యే పనికి నిబంధన లేదు. కాబట్టి రెండు రకాల ఫైళ్ళనూ పోల్చిచూడడానికి ఒక సంఘం ఏర్పడింది. పోల్చాలంటే కాగితం కావాలి. ప్రోగ్రామును నాలుగు వందల పన్నెండు పేజీల్లో అచ్చు తీసి, పేజీ పేజీకీ గెజిటెడ్ అధికారి సంతకంతో మూడు ప్రతులు పంపమన్నారు. (అధికారి ప్రతి పేజీ కిందా 'అసలుతో సరిచూశాను' అని రాశారు. అసలు ఎలా ఉంటుందో ఆయన అడగలేదు.)

ఆరు నెలలకు సంఘం తేల్చింది. ఆ గజిబిజి అచ్చులో చదవడానికి వీలైన వాక్యం ఒక్కటే, మొదటి పేజీలో దొరికింది: 'ఈ ప్రోగ్రామును డాస్‌లో నడపడం కుదరదు.' (విండోస్ ప్రోగ్రాములన్నిట్లోనూ ఆ ముక్క ఉంటుంది. పాతకాలపు యంత్రాలకు చెప్పే జవాబు అది.) సంఘం 'కుదరదు' కింద ఎర్రగీత గీసింది. నడవనని ప్రోగ్రామే స్వయంగా రాసిచ్చినందున విచారణ ముగిసింది.

మారీశ్వరికి ఒళ్ళు మండింది. సెలవు పెట్టి, బస్సెక్కి విరుదునగర్ వెళ్ళి, అక్కడి ఆపరేటర్ టీకి వెళ్ళిన సందు చూసి ప్రోగ్రామును మళ్ళీ కట్టేసింది. ఇరవై నిమిషాలు పట్టింది. మొదట అచ్చయిన కార్డు ముత్తమ్మాళ్‌ది. దానిమీద ముద్ర పడింది. ముద్ర పడినదాన్ని ఎవరూ ప్రశ్నించరు.

వారానికి కార్డు కోవిల్‌పట్టి చేరింది. మారీశ్వరి ముత్తమ్మాళ్‌ను చెయ్యి పట్టుకుని ఆఫీసుకు తీసుకొచ్చింది. తిరుపతిసామి కార్డును బల్లమీద ముందుకు జరిపాడు.

"వివరాలు సదివి, సరిగా ఉన్నాయని సంతకం పెట్టవ్వా. రూల్ అది."

ముత్తమ్మాళ్ నవ్వింది.

"సదివే కండ్లుంటే ఈ కార్డు నాకేంటికి సామీ?"

తిరుపతిసామి ఎర్ర కలం తీశాడు. కార్డు తనకు అవసరం లేదని లబ్ధిదారు స్వయంగా తెలియజేసినట్టు రాసుకుని, ఫైలు మూసేశాడు.