వెలుతురు మోపే బరువు

మానవజాతి నిప్పును కనిపెట్టి లక్షల ఏళ్లయింది గాని, దాని వెలుతురు నేల మీద ఎంత బరువు మోపుతుందని అధికారికంగా అడిగే బాధ్యత మాత్రం క్రేహెన్‌టాల్ పురపాలక సంఘంలోని భవన భార నియంత్రణ శాఖకే మిగిలిపోయింది. (అంతవరకు ఆ శాఖ బాల్కనీల్లోని పూలకుండీలను తూచేది.)

ఈ చారిత్రక ఘట్టానికి కారకుడు ఆల్విన్ ట్రాయ్‌బర్. ఆ ఊరి ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసిన మాస్టారు. ఆయన కోరిందల్లా అటకగదికి ఒక పైకప్పు కిటికీ. భార్య గుడ్రున్ చిన్ననాటి నుంచీ దిండు మీద దారం చుట్టిన కండెలు తిప్పుతూ లేసు అల్లే మనిషి. ఇప్పుడావిడ చూపు మసకబారుతోంది. ఉన్న చూపు ఉన్నన్నాళ్లు పగటి వెలుతురులోనే పని చేసుకొమ్మని కంటి వైద్యురాలు చెప్పింది. కింది గదుల్లోకి ఆ వెలుతురు రాకుండా వీధిలోని ఫర్ చెట్లు అడ్డం. అవి పురపాలక సంఘానివి. వాటి జోలికి పోవాలంటే అది వేరే శాఖ, వేరే జీవితకాలం.

దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంది: "ప్రతిపాదిత కిటికీ వలన నేలపై అదనపు భారము పడునా?" ఊళ్లో వాళ్లందరూ అక్కడ "పడదు" అని రాసి కాఫీ తాగడానికి వెళ్లిపోతారు. మాస్టారు మాత్రం ఇలా రాశారు: "పడుతుంది. వెలుతురుకు ద్రవ్యవేగం ఉంది. తగిలిన చోటల్లా అది ఒత్తిడి కలిగిస్తుంది. నడివేసవి ఎండలో ఆ బరువు చదరపు మీటరుకు ఒక దోమలో ఏడో వంతు. ఉపేక్షించవచ్చు."

శాఖ ఆయన రాసినదానిలో "ఉపేక్షించవచ్చు" అన్న ఒక్క మాటనే ఉపేక్షించింది.

శాఖవారి పట్టికలో అతి చిన్న భారం చదరపు మీటరుకు వంద కిలోలు. సున్నా కానిదేదైనా వందతోనే మొదలవ్వాలి. కాబట్టి అటకగది నేల కింద ఉక్కు దూలం వేయకుండా ఆ ఇంట్లోకి సూర్యుణ్ణి అనుమతించడం ప్రమాదకరమని తాఖీదు వచ్చింది. మాస్టారు శాఖాధిపతి ష్నాబెల్ గారి దగ్గరికి పరుగెత్తారు.

"మేడమ్, వంద కిలోలా?"

"భారం ఉందన్నది మీరే కదండీ మాస్టారూ."

"ఉంది. కాని దోమలో ఏడో వంతు!"

"మా పట్టికలో దోమ లేదండీ. రేపు చేర్చినా పూర్తి దోమనే చేరుస్తాం."

ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే గుడ్రున్ తెగిన దారం కొస కోసం వేళ్లతో తడుముకుంటూ అంది: "లేదని రాస్తే నీ సొమ్మేం పోయేది?"

"ఉంది కదా, గుడ్రున్."

"నీ తలకాయ ఉంది! ఇక్కడ నాకు దారం కనబడి చావడం లేదు. నువ్వు కూర్చుని దోమను ముక్కలు కోస్తున్నావు."

మాస్టారు అప్పీలు చేసుకున్నారు. విచారణ పురపాలక సంఘం కొత్త సభామందిరంలో, విశాలమైన గాజు కప్పు కింద జరిగింది. సభ్యులకు శాస్త్ర సలహా ఇవ్వడానికి కళ్లజోళ్ల కొట్టు కూనోను పిలిపించారు (ఊళ్లో వెలుతురుతో వ్యాపార సంబంధం ఉన్న పౌరుడు ఆయనొక్కడే). ఆయన తన కొట్టు అద్దాల వెనక ఉండే లైట్‌మిల్లును పట్టుకొచ్చాడు. గాజు బుడ్డిలో సూది మొన మీద నిలిచిన నాలుగు చిన్న రేకులు. ఒక్కొక్క రేకుకు ఒక ముఖం నలుపు, ఒక ముఖం తెలుపు. బల్ల మీద పెట్టగానే ఎండ తగిలి గిర్రున తిరిగింది.

"చూశారా! వెలుతురు నెడుతోంది!" అన్నాడు కూనో. సభ్యులు చప్పట్లు కొట్టారు.

వేరొకరైతే అప్పుడు ఊరుకునేవారు. మాస్టారు లేచి నిలబడ్డారు.

"నెడుతుందన్న మాట నిజమే, కాని దానికి ఇది రుజువు కాదు. తెలుపు వెలుతురును తిప్పికొడుతుంది కనుక తోపు అక్కడ దాదాపు రెట్టింపు. వెలుతురే తోస్తుంటే తెల్ల ముఖం వెనక్కి జరగాలి. ఇక్కడ జరుగుతున్నది నల్ల ముఖం. ఇది బుడ్డిలో మిగిలిన కాస్త గాలి వేడెక్కి చేస్తున్న పని."

కూనో ముఖం కందగడ్డ అయింది. "మా నాన్న కాలం నుంచి తిరుగుతోందయ్యా ఇది! తప్పు దిక్కున తిరుగుతోందని ఒక్కడంటే ఒక్కడు అనలేదు!"

"నీ కొట్టుకు వచ్చేవాళ్లు చూపు ఆనకనే కదా వస్తారు, కూనో?"

నవ్వులు సద్దుమణిగాక ష్నాబెల్ గారు గొంతు సవరించుకున్నారు. "అంటే, తోస్తే ఇటు తిరగాలి. తిరుగుతున్నది అటు. కాబట్టి లాగుతోంది."

"అయ్యో, లాగడం లేదు మేడమ్!"

"తోస్తుందని మీరంటున్నారు, లాగుతుందని యంత్రం అంటోంది. శాఖకు పక్షపాతం ఉండకూడదు."

తీర్పు ఆ నిష్పాక్షికతతోనే వెలువడింది. తోపును తట్టుకోవడానికి నేల కింద ఉక్కు దూలం. లాగుడును తట్టుకోవడానికి పైకప్పును గోడలకు కట్టే గొలుసులు. పోతే, తెల్లని తలం మీద తోపు రెట్టింపవుతుందని దరఖాస్తుదారే సభాముఖంగా ఒప్పుకున్నందున గదికి నాలుగు వైపులా, కిందా పైనా నల్ల రంగు.

"నల్లగా పూస్తే ఆవిడకు కనబడేదెట్లా?" అని అరిచారు మాస్టారు.

"కనబడటం మా శాఖ పరిధిలోకి రాదండీ."

"మరి మన నెత్తిన ఉన్న ఈ గాజు కప్పు సంగతేమిటి?"

ష్నాబెల్ గారు దస్త్రం తెప్పించి తిరగేశారు. "ఇందులో 'పడదు' అని రాసి ఉంది. పడని భారాన్ని మేమెట్లా లెక్కగడతాం?" (ఆ పడని భారం అప్పుడు దస్త్రం మీదే తెల్లగా పరుచుకొని ఉంది. ఆవిడ చదవగలిగింది అందువల్లే.)

మర్నాడు గుడ్రున్ ఇంటి సహయజమానురాలి హోదాలో తానే కొత్త దరఖాస్తు పెట్టింది. ప్రశ్నకు ఎదురుగా "పడదు" అని పెద్ద అక్షరాలతో రాసింది. (చిన్న అక్షరాలు ఆవిడకు ఆనవు.) అనుమతి వచ్చింది. వడ్రంగులు వచ్చారు. కిటికీ వచ్చింది.

చివరి తనిఖీకి ష్నాబెల్ గారు స్వయంగా వచ్చి, కిటికీ కింద అరచేయి చాపి కాసేపు నిలబడ్డారు. "ఏమీ తగలడం లేదు," అని నిర్ధారించారు. "కాని ఒక చిక్కుంది మాస్టారూ. ఇదే ఇంటి నుంచి దీనికి విరుద్ధమైన వాంగ్మూలం మా దగ్గరుంది. ఈ ఇంట్లో వెలుతురుకు ద్రవ్యవేగం లేదని మీరు రాసిచ్చి పాత వాంగ్మూలాన్ని ఉపసంహరించుకోవాలి. లేదంటే సాయంత్రంలోగా ఈ కిటికీకి చెక్కలు కొట్టించాల్సి వస్తుంది."

"కింద ఒక్క చిన్న వివరణ చేర్చవచ్చా?"

"వివరణతోనే కదండీ ఇంతదాకా వచ్చింది!"

కిటికీ కింద గుడ్రున్ లేసు దిండు ముందు కూర్చుని ఉంది. కండెలు ఒకదాన్నొకటి తాకి టకటకమంటున్నాయి. ఎన్నో నెలల తరవాత అవి మధ్యలో ఆగకుండా కదులుతున్నాయి. ఆవిడ తల ఎత్తలేదు.

"తొందరేం లేదు ఆల్విన్, తీరిగ్గా ఆలోచించుకో. ఈ వరుస పూర్తి కానీ, తరవాత చీకటి చేసుకుందాం."

మాస్టారు కలం తీశారు. కాగితం మీద ఎండ ధారాళంగా పడుతోంది గనుక, సంతకం ఎక్కడ పెట్టాలో కనబడలేదన్న సాకు కూడా ఆయనకు లేకపోయింది.