తుపానుకూ ఒక వంతు

ప్రకృతి వైపరీత్యాలకు క్రమశిక్షణ లేకపోవడమే మన దేశానికి పట్టిన అసలు వైపరీత్యమని తుపానుల పంపిణీ అధికారి చంద్రరావుగారు కుర్చీలో కూర్చున్న రోజే తేల్చేశారు. అంతకుముందు ఆయన డెల్టాలో కాలవ నీళ్లకు వంతులు వేసేవారు. ఈ తీరానికి తుపానులు కొన్ని దశాబ్దాలు ఎక్కువగా, కొన్ని దశాబ్దాలు తక్కువగా వస్తాయని, అది ప్రకృతి సహజమని, ఎప్పుడు ఎటు తిరుగుతాయో చెప్పలేమని శాస్త్రజ్ఞులు ఒక నివేదిక రాశారు. చంద్రరావుగారు దాన్ని శ్రద్ధగా చదివారు (మొదటి పేజీ వరకు).

"ఓహో, ఇవీ వంతులేనన్నమాట!" అని మండలాలవారీగా తుపానుల పట్టిక వేసేశారు. వంతు లేని ఊళ్లలో తుపాను షెల్టర్లకు తాళాలు పడ్డాయి.

జ్ఞానమ్మది సముద్రం ఒడ్డున తాటాకిల్లు. మొగుడు జాషువా పక్షవాతంతో మంచం పట్టాడు. గాలి ముదిరాక అతన్ని మోసుకెళ్లడం ఆవిడ ఒక్కదాని తరం కాదు, ముందే షెల్టర్‌కి చేర్చాలి. ఫోన్లో హెచ్చరిక మోగగానే ఆవిడ తాళంచెవి కోసం చంద్రరావుగారి ఆఫీసుకు పరుగెత్తింది.

"అయ్యగారూ, తుపానొస్తందంటండీ. మా ముసలాయన కదల్లేడు. తాళం తీయించండి బాబూ!"

"మీ ఊరి వంతు ఎప్పుడో అయిపోయిందమ్మా. ఇది పక్క మండలం వాళ్లది."

"గాలి మా ఇంటి మీదకే వస్తందండీ!"

"రాకూడదు," అన్నారాయన ఎంతో మర్యాదగా. "వస్తే రాతపూర్వకంగా అభ్యంతరం తెలపండి."

జ్ఞానమ్మకు ఒళ్లు మండిపోయింది. ఏం లాభం? ఆ సాయంత్రమే తుపాను, పట్టిక చూసుకోకుండా, ఆ ఊరి దగ్గరే తీరం దాటింది. ఇంటి కప్పు ఎటు పోయిందో తెలియదు. ఇరుగుపొరుగువాళ్లు సాయం పడితే జాషువాను మంచంతో సహా తెచ్చి, తాళం వేసిన షెల్టర్ మెట్ల కింద పెట్టింది. బరకం కప్పి, దాని అంచులు రెండు చేతులా పట్టుకుని, "ప్రభువా, ఈయన్ని మాత్రం తీసుకెళ్లకు" అని ఏడ్చింది. ప్రభువు విన్నాడు (ఆయన దగ్గర వంతుల పట్టిక లేదు).

గాలివాన వెలిశాక చంద్రరావుగారి జీపు వచ్చింది. తాళం తీయిస్తారనుకుని జ్ఞానమ్మ గబగబా లేచింది. ఆయన ఒక నోటీసు తీసి చదివారు. వంతు కాని రోజున కాలవకు గండి కొట్టిన రైతులకు ఇచ్చే పాత నోటీసే, 'నీరు' కొట్టేసి 'తుపాను' అని రాశారు.

"పక్క మండలానికి చెందిన తుపానును అనుమతి లేకుండా వాడుకున్నందున, మీ గ్రామానికి ముప్పై ఏళ్లపాటు తుపానులు నిలిపివేయడమైనది."

"అంటే ఇంక రాదాండీ?"

"రాదమ్మా. అందుకే ఈ షెల్టర్ మెట్లు కూడా తీయించేస్తున్నాం. ముసలాయన్ని కాస్త పక్కకు జరపండి."