ఎత్తకూడని ఫోను

ఇవాళ ఎలాగైనా నిద్రపోవాలి. పొద్దున్నే డ్యూటీ దిగి ఇంటికి నడుస్తూ రొట్టెల మాస్టరు గట్టిగా అనుకున్న మాట ఇదొక్కటే. లోకం నిద్రలేచే వేళకి పడుకునే ఉద్యోగం ఆయనది. రాత్రంతా బేకరీలో పిండి పిసికి, అచ్చులు పొయ్యిలోకి తోసి, తెల్లారేసరికి ఊరికి సరిపడా రొట్టెలు సిద్ధంచేసి, కనుబొమ్మల మీద కూడా పిండితో ఇల్లు చేరతాడు. మంచమెక్కుతాడు. ఎక్కగానే తలవైపు ఫోను మోగుతుంది.

ఆ ఇంటి ల్యాండ్‌లైను పడకగదిలోనే ఉంది. తీగ కిటికీలోంచి అక్కడిదాకానే వచ్చింది. ఇంకొంచెం లాగమంటే లైన్‌మన్ "రేపొస్తానండీ" అని వెళ్ళాడు, ఆ రేపు ఇంకా రాలేదు. పైగా ఆ ఫోనుకి, పోయిన మామగారు పెట్టి వెళ్ళిన పద్ధతి ఒకటుంది. ఇంట్లోవాళ్ళు చేస్తే ఎత్తకూడదు. ఒక్కసారి మోగి ఆగితే 'క్షేమంగా చేరాను' అని. రెండుసార్లయితే 'భోజనానికి వస్తున్నాను' అని. మూడుసార్లయితే 'ప్రమాదం, ఉన్నపళంగా రండి' అని. ఎత్తితే బిల్లు పడుతుంది, మోగితే పడదు కదా! మామగారు పోయారు, సెల్‌ఫోన్లు వచ్చాయి, పద్ధతి మాత్రం పోలేదు సరికదా, సెల్‌ఫోన్లకి కూడా పాకింది.

రింగులు లెక్కపెట్టే బాధ్యత అత్తగారిది. రోజూ పొద్దున్నే మాస్టరు తలగడ పక్కన స్టూలు వేసుకుని ఆవిడ కూర్చుంటుంది. ఊళ్ళోనే వేరే కాపురాలున్న పిల్లలిద్దరూ పనికి చేరగానే చేస్తారు. పంటి డాక్టరు దగ్గర పనిచేసే చిన్నకూతురు చేరినట్టు ఒక రింగు, తాళాల షాపున్న కొడుకు చేరినట్టు ఒక రింగు. కళ్ళు మూసుకున్న అల్లుడి పక్కన ఆవిడ అలా దిగాలుగా కూర్చుని ఉండగా చూసి, పక్కింటివాళ్ళు రెండుసార్లు పరామర్శకి వచ్చారు.

"ఇంటర్నెట్ ఫోను పెట్టిద్దాం. వంటింట్లో పెట్టుకోవచ్చు, నంబరు కూడా మారదు," అన్నాడు మాస్టరు పెళ్ళాంతో.

"నాకెందుకు చెప్తారు? అమ్మని ఒప్పించండి."

అత్తగారు ఒక పట్టాన ఒప్పుకోలేదు. "తీగ లేకుండా కబురెలా వస్తుంది అల్లుడుగారూ? దారిలో ఎక్కడైనా పడిపోతే?"

"పడదండీ. నన్ను నమ్మండి."

"మీ మామగారు ఉంటే ఈ మాట అననిచ్చేవారు కాదు," అని కళ్ళొత్తుకుంది గానీ, అల్లుడి కళ్ళకింద నల్లచారలు చూసి చివరికి జాలిపడింది.

ఆ పొద్దున ఇంటర్నెట్ కంపెనీ మనిషి వచ్చాడు. వంటింట్లో గోడకి కొత్త ఫోను బిగించాడు, పాత తీగ చుట్టచుట్టి పక్కన పడేశాడు, మంచినీళ్ళు తాగి వెళ్ళాడు. అత్తగారి స్టూలు కూడా వంటింట్లోకి వెళ్ళింది. మాస్టరు గది తలుపు వేసుకుని, దుప్పటి ముసుగుతన్నాడు. ఏళ్ళ తరబడి బాకీపడ్డ నిద్ర అంతా ఒక్కసారిగా మీదకి వచ్చింది.

అప్పుడు, సరిగ్గా చిన్నకూతురు క్లినిక్కుకి చేరే వేళకి, వంటింట్లో ఫోను మోగింది. ఒకటి. రెండు. మూడు. ఆగింది.

"అల్లుడుగారూ! చిన్నదానికి ఏదో అయింది!"

నిజానికి చిన్నది పద్ధతి ప్రకారం ఒక్కసారే మోగించి పెట్టేసింది. అవతల పెట్టేసిన సంగతి కొత్త ఫోనుకి కాస్త ఆలస్యంగా తెలిసింది, అందాకా అది తన ధర్మం ప్రకారం మోగింది. ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరికి తెలుసు? మాస్టరు మంచం మీంచే మరదలి సెల్‌కి ఫోన్ చేశాడు. అది మోగింది, మోగింది, మోగుతూనే ఉంది. అవతల ఆ పిల్ల ఫోను చేతిలో పట్టుకుని రింగులు లెక్కపెడుతోంది. నాలుగు దాటాక ఆమెకి ముచ్చెమటలు పట్టాయి. నాలుగుకి అర్థమేమిటో నాన్న చెప్పలేదు! ఇంట్లో ఎవరికో ప్రాణం మీదకొచ్చిందని డాక్టరుగారికి ఒక్క ముక్క చెప్పి, ఏడుస్తూ పుట్టింటికి పరుగెత్తింది.

"ఎత్తట్లేదు," అన్నాడు మాస్టరు.

"ఎందుకెత్తుతుంది? పెంపకం అలాంటిది," అంది అత్తగారు, ఆ ఏడుపులోనే కాస్త గర్వంగా.

మాస్టరు పడుకున్న బట్టలమీదే చొక్కా తగిలించుకుని స్కూటరు తీశాడు. ఆయన వీధి మలుపు తిరిగాడో లేదో ఫోను మళ్ళీ మూడుసార్లు మోగింది. కొడుకు షాపుకి చేరిన వేళ అది. "అయ్యో, అన్నయ్యకి కూడానా!" అని మాస్టరు పెళ్ళాం అన్నగారి సెల్‌కి చేసింది. ఆయనా ఎత్తలేదు. లెక్కపెట్టాడు. లెక్క తెగక షాపు మూసి తల్లి ఇంటిదారి పట్టాడు. తాళాల షాపుకి తాళం వేయడం మర్చిపోయాడు.

మాస్టరు క్లినిక్కుకి చేరేసరికి మరదలు లేదు. నోట్లో దూదితో ఉన్న పేషెంటు ఒకాయన వీధివైపు చెయ్యి చూపించాడు. డాక్టరు బయటికొచ్చి, "మీ ఇంట్లో ఎవరికో ప్రాణం మీదకొచ్చిందటగా? మీరిక్కడేం చేస్తున్నారు?" అని గదిమాడు.

ఇంట్లోనా? పెళ్ళానికా, అత్తగారికా? మాస్టరు గబగబా ఇంటికి ఫోన్ చేశాడు. ఎత్తరని తెలుసు. అయినా ఎవరో ఒకరు ఎత్తకపోతారా అని ఆశ. మోగనిచ్చాడు. అదే తెగేదాకా మోగనిచ్చాడు.

ఇంట్లో అప్పటికే చిన్నకూతురు, కొడుకు చేరుకున్నారు. ఒకరినొకరు తడిమి చూసుకున్నారు. అందరూ నిక్షేపంగా ఉన్నారు. మరి ప్రమాదం ఎవరికి? ఇంట్లో లేనిది ఒక్క మాస్టరే. సరిగ్గా ఆ ఆలోచన వచ్చిన క్షణానే ఫోను మోగడం మొదలైంది. ఎంతకీ ఆగలేదు. నలుగురూ చుట్టూ నిలబడి చూస్తూ ఉండిపోయారు, ఒక్కరూ చెయ్యి చాచలేదు.

"ఇన్నిసార్లంటే... ఇంకేముందే తల్లీ," అని అత్తగారు స్టూలు మీద కూలబడింది.

మాస్టరు గుమ్మంలో అడుగుపెట్టేసరికి లోపల ఘొల్లున ఏడుపు. గోడ పట్టుకుని, తనూ ఏడుస్తూ, "ఎవరికి? చెప్పండి, ఎవరికి?" అన్నాడు.

ఏడుపు ఆగింది. అత్తగారు పైట చెంగు తీసి చూసింది.

"మీకేనండీ," అంది.

ఇంటర్నెట్ మనిషిని మళ్ళీ పిలిపించారు. అతను వచ్చి, సంగతంతా విని, "ఫోను ఎత్తి మాట్లాడొచ్చు కదండీ?" అన్నాడు. పెద్దవాళ్ళ ముందు అనకూడని మాటేదో అన్నట్టు అత్తగారు చెవులు మూసుకుంది. అతను తేరుకుని, సర్దడం తేలికేనని అన్నాడు.

"సర్దడాలూ వద్దు, ఏమీ వద్దు. నా పాత ఫోను నాకు పెట్టించండి," అన్నాడు మాస్టరు. గొంతులో ఓపిక లేదు. అప్పటికి మధ్యాహ్నమైంది. వచ్చినవాళ్ళు ఎలాగూ వచ్చారు కనక భోజనాలయ్యాయి. అన్నాచెల్లెళ్ళు ముగ్గురూ పడకగదిలో ఆయన మంచం మీదే కాళ్ళు ముడుచుకు కూర్చుని, చిన్నప్పటి దెబ్బలాటలు తవ్వుకుంటూ పగలబడి నవ్వారు. అత్తగారు ఒక్కొక్కరి మొహమే చూస్తూ కూర్చుంది.

"వద్దు అల్లుడుగారూ. కొత్తదే ఉండనివ్వండి," అంది హఠాత్తుగా.

"అదేంటండీ? మీరేగా వద్దన్నారు!"

"పాత ఫోను రోజూ సరిగ్గానే మోగింది. చేరామని చెప్పేవారు, అంతే. ఏళ్ళయినా ఒక్కరూ గుమ్మం తొక్కింది లేదు. ఇది తప్పుగా మోగింది, ముగ్గురూ ఒక్కచోట చేరి నా ముందు కూర్చున్నారు." ఆవిడ ఇంటర్నెట్ మనిషివైపు తిరిగింది. "నాయనా, నువ్వు దాన్ని ముట్టుకోకు."

కొడుకు తలదించుకున్నాడు. చిన్నకూతురు తల్లి చెయ్యి పట్టుకుని, "రోజూ వస్తాంలే అమ్మా," అంది. మామగారు పోయాక ఆవిడ ఎన్ని పొద్దులు ఆ స్టూలు మీద ఒంటరిగా కూర్చుందో మాస్టరుకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఆ లెక్కన తన నిద్ర ఎంతపాటిది? సరేనన్నాడు. ఇక రోజూ తన మంచం మీదే ఈ కచేరీ జరుగుతుందని తెలిసే అన్నాడు.

చీకటిపడ్డాక మాస్టరు బేకరీకి వెళ్ళాడు. పిండి పిసికాడు, అచ్చులు పొయ్యిలోకి తోశాడు, కాసేపు నడుం వాలుద్దామని పిండిబస్తాల మీద ఒరిగాడు. అక్కడ ఫోను లేదు, అత్తగారి స్టూలు లేదు.

మర్నాడు ఊళ్ళో ఎవరికీ రొట్టె దొరకలేదు.