పాలిష్ మేస్త్రీ బుగ్గ మీది మచ్చ

ఆ ఉదయం పాలిష్ మేస్త్రీ అనుకున్న పని ఒక్కటే: లాయరుగారి బల్లకి రెండో పూత వేయడం. గడ్డం గీసుకుంటుంటే భార్య అద్దంలోకి తొంగిచూసింది.

"బుగ్గ మీద ఆ మచ్చేంటండీ? మొన్న లేదే."

సబ్బుతో ఎంత రుద్దినా పోలేదు. ఆవిడ అన్నగారికి ఫోన్ చేసింది. ఫోనులో చదివిన ప్రతి జబ్బునూ ఎదుటివాళ్లకి అంటగట్టే ఆ బావమరిది ఆగమేఘాల మీద వచ్చి వాలాడు. తన ముక్కు పక్కన మాత్రం చిన్న ప్లాస్టర్ ఉంది.

"మామూలు మచ్చయితే గుండ్రంగా, ఒకే రంగులో, ఏళ్లతరబడి అలాగే ఉంటుంది బావా. చెడ్డదైతే అంచులు వంకరటింకరగా ఉంటాయి, రంగు కలగాపులగంగా ఉంటుంది, పైగా మారుతుంటుంది. రోజూ ఫోటో తీద్దాం."

మేస్త్రీకి భయం పట్టుకుంది. కూతురి చదువు సగంలో ఉంది. పూత పూతకీ మధ్య, అలవాటు ప్రకారం చెంపన చెయ్యి పెట్టుకుని దిగులుపడ్డాడు. మర్నాటికి మచ్చకి తోక వచ్చింది. దిగులు రెట్టింపయింది. ఆ మర్నాటికి పక్కన ఇంకోటి పుట్టింది.

"చూశావా, మారింది" అన్నాడు బావమరిది, తన మాట నిజమైనందుకు కాస్త సంతోషంగానే. చెల్లెలు ఘొల్లుమంది.

ఇక ఎక్కువ రోజులు బతకననుకున్న మేస్త్రీ, ప్రాణప్రదంగా దాచుకున్న మెత్తటి బ్రష్షును తీసుకెళ్లి, ఏళ్లుగా మాటల్లేని ఎదురుకొట్టు మేస్త్రీ చేతిలో పెట్టాడు. ఆయన కళ్లనీళ్లు పెట్టుకుని మరీ తీసుకున్నాడు.

ముగ్గురూ చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లారు. ఆవిడ భూతద్దంతో చూసి, మేస్త్రీ గోళ్లు చూసి, దూది స్పిరిట్‌లో ముంచి తుడిచింది. మచ్చ, తోక, పక్కది అన్నీ దూదికి అంటుకొచ్చాయి.

"పాలిష్ పనా మీది? చెయ్యి చెంపన పెట్టుకుంటారా?"

మేస్త్రీ తలూపాడు. ఆవిడ బావమరిది వైపు తిరిగింది.

"మీకా ప్లాస్టరేంటి?"

"గడ్డం గీసుకుంటుంటే తెగిందండీ."

"ఎప్పుడు?"

"ఎండాకాలంలో. మానినట్టే మాని మళ్లీ రక్తం వస్తోంది."

"అన్నాళ్లు మానని పుండు చూపించుకోవాలని మీ ఫోనులో రాయలేదా?"

చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితే క్యాన్సరేనని తేలింది. నెమ్మదిగా పెరిగే రకం, పైగా ఇంకా చిన్నదే కాబట్టి చిన్న ఆపరేషన్‌తో పూర్తిగా తీసేశారు. గది బయట కూర్చున్నంతసేపూ మేస్త్రీ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకునే దిగులుపడ్డాడు. బావమరిది నవ్వుతూ బయటికొస్తే గట్టిగా కావలించుకున్నాడు.

సాయంత్రం ఎదురుకొట్టుకి వెళ్లి, తనకే జబ్బూ లేదని చెప్పాడు. ఆ మేస్త్రీ ఎంతో సంతోషించాడు గానీ, బ్రష్షు సంగతి మాత్రం ఎత్తలేదు.